పాత ఎస్‌ప్రెస్సో మిషన్‌లో ప్రెషర్ భాగాల గురించి మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. 1961లో వచ్చిన ఫయేమా ఈ61 తరం మిషన్, అందులోనూ రాగి బాయిలర్ చెక్కుచెదరకుండా దొరకడం అదృష్టమే. బాయిలర్ ప్రెషర్ మీటర్ ముల్లు ఒకసారి 0.7 బార్ దగ్గర, మరోసారి 1.5 దగ్గర ఆగుతోందనీ, ప్రెషర్‌స్టాట్ (ప్రెషర్‌ని బట్టి హీటర్‌ని ఆపి వెలిగించే స్విచ్చి) స్క్రూ తిప్పమంటావా అనీ అడిగావు. ఇప్పుడే తిప్పకు. ముందు ఆ తేడా ఎందుకొస్తోందో తేల్చుకోవాలి.

ఇందులో ప్రెషర్లు రెండు. గ్రూపులో, అంటే కాఫీ దిగే తలభాగంలో, కాఫీ పొడి మీద పడే 9 బార్ పంపుది. దాన్ని పంపు మీదున్న స్క్రూతో సరిచేస్తారు. బాయిలర్‌లో ఉండేది ఆవిరి ప్రెషర్, 1 నుంచి 1.2 బార్ చాలు. అక్కడ ప్రెషర్ అంటే వేడే: 1 బార్ దగ్గర నీళ్లు సుమారు 120 డిగ్రీలు, ప్రతి 0.1 బార్‌కూ డిగ్రీన్నర చొప్పున మారుతుంది. ముల్లు ఊగిసలాడితే కాఫీ రుచీ అలాగే ఊగుతుంది.

పని మొదలుపెట్టే ముందు ప్లగ్గు పీకెయ్యి. ముల్లు సున్నాకి వచ్చినా నమ్మకు, ఆవిరి కుళాయి తెరిచి చూసి, మిషన్ పూర్తిగా చల్లారాకే పాన పట్టుకో.

అన్నిటికంటే ముందు చూడాల్సింది బాయిలర్ నుంచి ప్రెషర్‌స్టాట్‌కి వెళ్లే సన్నటి రాగి గొట్టం. చాలామంది దాని జోలికే పోరు. అందులో నీళ్ల గార పట్టి దారి మూసుకుపోతే బాయిలర్‌లో ప్రెషర్ ఎంత పెరిగినా ప్రెషర్‌స్టాట్‌కి తెలియదు. హీటర్ ఆగదు. ఆ గొట్టం విప్పి గాలి ఊది చూడు, ధారాళంగా పోవాలి. గార ఉంటే గోరువెచ్చటి నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి నానబెట్టి, బాగా కడుగు. తీగతో పొడవకు, ఊడిన ముక్క లోపలే ఇరుక్కుంటుంది. బిగించేటప్పుడు గొట్టం చివర నట్టుకి టెఫ్లాన్ టేపు చుట్టకు. అక్కడ లీకు ఆపేది లోహానికి లోహం తగిలి కూర్చోవడమే.

తర్వాత ప్రెషర్‌స్టాట్. నీ ఫోటోలో ఉన్నది సిరాయి కంపెనీ రకం, విప్పి బాగుచేసుకోవచ్చు. కింద డయాఫ్రం (ప్రెషర్‌కి కదిలే పల్చటి పొర), పైన స్ప్రింగు, దాని మీద కరెంటుని కలిపి విడదీసే కాంటాక్టులు. డయాఫ్రం గట్టిపడితే ప్రెషర్‌కి ఆలస్యంగా కదులుతుంది, అందుకే ముల్లు అంత దూరం పోయి వస్తుంది. చీలితే నీటి చుక్కలు కరెంటు భాగం మీద పడతాయి. పాతది మళ్లీ వాడకు, కొత్తది వెయ్యి. కాంటాక్టులు నల్లబడితే గట్టి కాగితం ముక్క మధ్యలో పెట్టి లాగు. ఆకురాయి పెడితే పైన ఉన్న వెండి పూత పోయి ఇంకా త్వరగా కాలతాయి. గుంటలు పడి ఉంటే మార్చడమే. 3,000 వాట్ల హీటర్ 220 వోల్టుల మీద దాదాపు 14 ఆంపియర్లు లాగుతుంది. ఆ భారమంతా కాంటాక్టుల మీద పడకుండా తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత కాంటాక్టర్ (పెద్ద కరెంటుని మోసే విడి స్విచ్చి) పెట్టించు. ఎర్తింగ్ కూడా అతని చేతే చూపించు.

ఇవన్నీ అయ్యాక స్క్రూ సంగతి. మొదట ఉన్న చోట గీత పెట్టుకో. కరెంటు తీసేసి పావు చుట్టు తిప్పు, మూత పెట్టి ఆన్ చెయ్యి, హీటర్ రెండు మూడుసార్లు ఆగి వెలిగేదాకా ముల్లుని గమనించు. తొందరపడితే లెక్క తప్పుతుంది. అసలు మీటరే తప్పు చూపిస్తోందేమో, వేరే మంచి మీటర్ తగిలించి పోల్చు.

సేఫ్టీ వాల్వ్ మాత్రం బాగుచేసే వస్తువు కాదు. కుక్కర్‌కి సేఫ్టీ ప్లగ్ ఎలాంటిదో దీనికి ఇది అలాంటిది. కారుతోందని స్ప్రింగు బిగించేవాళ్లని చూశాను, అది ప్రాణాలతో చెలగాటం. బాయిలర్‌కి తగిన ప్రెషర్‌దే, ఈ మిషన్లకి సాధారణంగా 1.8 బార్‌ది, కొత్తది కొని పెట్టు. బాయిలర్‌కి అతుకు వేయిస్తే చల్లటి నీళ్లు నింపి ప్రెషర్ పరీక్ష చేయించాలి. గాలితో చేయనివ్వకు, పగిలితే ముక్కలు ఎగురుతాయి.

పొద్దున్నే ముల్లు పైకి లేచినా ఆవిరి సరిగ్గా రాకపోతే అది లోపల చిక్కిన గాలి. ఆ గాలిని బయటికి వదిలే వాక్యూమ్ వాల్వ్ అంటుకుపోయిందేమో చూడు. ఆ వాల్వ్ లేని మిషనైతే వేడెక్కేటప్పుడు ఆవిరి కుళాయి కాస్త తెరిచి, గాలి పోయాక మూసెయ్యి. చల్లారేటప్పుడు ఆవిరి గొట్టం పాలలో ఉంచకు, బాయిలర్ ఆ పాలని లోపలికి లాగేస్తుంది.

ఓ-రింగులకి (లీకు ఆపే రబ్బరు రింగులు) ఈపీడీఎం అనే రబ్బరు రకం తీసుకో, వాటికి మామూలు గ్రీజు రాస్తే ఉబ్బిపోతాయి. ఆహార పరికరాలకి వాడే సిలికాన్ గ్రీజే రాయి. పాత బాయిలర్ చుట్టూ ఉన్న తెల్లటి పీచు, పాత గాస్కెట్లు ఆస్‌బెస్టాస్ కావచ్చు. గీకకు, ఊదకు. పరీక్ష చేయించి, ఆ పని తెలిసినవాళ్ల చేతే తీయించు.

డయాఫ్రం మార్చాక హీటర్ ఏ అంకె దగ్గర ఆగుతోందో, ఏ అంకె దగ్గర వెలుగుతోందో రాసి పంపు. ఆ రెండింటికీ మధ్య 0.2 బార్ కంటే ఎక్కువ తేడా ఉంటే స్ప్రింగు సంగతి చూద్దాం.

మీ మామయ్య