కాపులిన్ అగ్నిపర్వతంపై రాత్రి బస: విజయవాడ సభ్యుని ప్రశ్నకు సమాధానం

నమస్కారమండీ. డెన్వర్‌లోని మీ అమ్మాయి కుటుంబంతో కారులో బయలుదేరి, న్యూ మెక్సికోలోని కాపులిన్ అగ్నిపర్వతంపై గుడారంలో ఒక రాత్రి గడపవచ్చునా అని అడిగారు. చల్లారిన అగ్నిపర్వతమే అయినా అక్కడ రాత్రి బసకు అనుమతి లేదు. గుడారం రాటన్ పట్టణం దగ్గరి షుగరీట్ కాన్యన్ స్టేట్ పార్కులో వేసుకుని, పొద్దున్నే కొండకు రావడం మేలు.

కారు బిలం అంచు సమీపం దాకా వెళుతుంది. అక్కడి నుంచి అంచు చుట్టూ నడకదారి ఒక మైలే, కానీ శిఖరం 8,182 అడుగుల ఎత్తున ఉన్నందువల్ల, ఇంద్రకీలాద్రి మెట్లు ఆగకుండా ఎక్కేవారికి కూడా ఆ ఎగుడుదిగుడు దారిలో ఆయాసం రావచ్చు. వేసవిలో పొదలపై గుత్తులుగా వాలే అక్షింతల పురుగులను చూస్తూ నిదానంగా నడవండి. మధ్యాహ్నం ఉరుములు వినబడితే మాత్రం వెంటనే కారెక్కండి.