మెయిన్ దించినా షాక్ కొట్టిందంటే ముందు ఇన్వర్టర్ వైపు చూడండి

విజయవాడ సత్యనారాయణపురంలో మీది అద్దె పోర్షన్, హాల్లో ఫ్యాన్ రెగ్యులేటర్ మార్చబోయారు, మెయిన్ దించారు, అయినా షాక్ కొట్టింది. కారణం ఏమిటని, ఇలాంటి పనులు ఇకపై సొంతంగా చేసుకోవచ్చా అని అడిగారు. నేను ఎలక్ట్రీషియన్‌ను కాను. గుంటూరు బ్రాడీపేటలో మా పాత ఇంటి వైరింగ్‌తో ఏళ్ల తరబడి కుస్తీ పడుతున్నవాడిని. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందా? ఉంటే దొంగ దొరికినట్టే. మీరు మెయిన్ దించితే దాని లెక్కలో అది కరెంటు కోత. క్షణంలో బ్యాటరీ నుంచి సరఫరా మొదలుపెడుతుంది. ఇన్వర్టర్ లైను మీద ఉండేవి ఎక్కువగా ఫ్యాన్లూ లైట్లే, మీరు చెయ్యి పెట్టిందీ ఫ్యాన్ రెగ్యులేటర్ మీదే. బ్యాటరీ 12 వోల్టులదే కదా, ఏం చేస్తుందిలే అనుకునేవారిని చాలామందిని చూశాను. బ్యాటరీ ఎంతదైనా ఇన్వర్టర్ బయటికి పంపేది 230 వోల్టులే. పోనీ ఇన్వర్టర్ మీట ఒక్కటే ఆపితే చాలునా అంటే అదీ చాలదు. మెయిన్ పైకి ఉన్నంతసేపు చాలా ఇన్వర్టర్లు బయటి కరెంటును తమ గుండానే నేరుగా పంపిస్తుంటాయి. మెయిన్ దించాలి, ఇన్వర్టర్ కూడా ఆపాలి. రెండూ చేశాకే స్క్రూడ్రైవర్ పట్టాలి.

ఇన్వర్టర్ లేకపోతే రెండో అనుమానం పోర్షన్ల మీద. ఒక ఇంటిని మూడు నాలుగు పోర్షన్లుగా విడదీసిన చోట మెట్ల లైటు ఒకరి మీటరు మీద, బోరు మోటారు మరొకరి మీటరు మీద ఉండటం మామూలే. పక్కవారి వైరు మీ బోర్డులోకి వచ్చి ఉంటే మీ మెయిన్ ఎన్నిసార్లు దించినా దానికి పట్టదు.

అందుకే నేను మెయిన్‌ను నమ్మను, టెస్టర్‌నూ గుడ్డిగా నమ్మను. నియాన్ దీపం టెస్టర్ పట్టపగలు వెలుతురులో వెలిగినా కనిపించదు. పొడి చెప్పులతో చెక్క బల్ల ఎక్కి పెడితే మసకగా వెలుగుతుంది. ముందు కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన సాకెట్‌లో పెట్టి చూస్తాను. తర్వాత పని చేయబోయే బోర్డులో ప్రతి వైరు మీదా, మళ్లీ ఆ సాకెట్‌లో. మొదటిసారీ చివరిసారీ వెలిగితేనే మధ్యలో వెలగకపోవడానికి విలువ ఉంటుంది. మెయిన్ దించాక ఇంట్లో ఏ సాకెట్‌లోనూ కరెంటు ఉండదు కాబట్టి పక్క పోర్షన్‌కో మెట్ల దగ్గరికో వెళ్లాల్సి వస్తుంది. విసుగ్గా ఉంటుంది, వెళ్లండి.

పాత ఇళ్లలో ఇంకో చిక్కు, స్విచ్‌ను కరెంటు వచ్చే ఫేజు వైరు మీద కాకుండా తిరిగి పోయే న్యూట్రల్ వైరు మీద పెట్టేసి ఉండటం. స్విచ్ ఆపితే బల్బు ఆరుతుంది, హోల్డర్‌లో మాత్రం ఫేజు అలాగే ఉంటుంది. మా వెనక గదిలో ఇదే కథ. వైర్ల రంగులు చూసి నిర్ణయించవద్దు. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్ అన్నది సరైన పద్ధతే. కానీ ఎర్ర వైరు అయిపోయిన రోజు చేతికందిన వైరుతో పని కానిచ్చిన మేస్త్రీలు ఉన్నారు.

రబ్బరు చెప్పులుంటే ఏమీ కాదని మీకు ఎవరో చెప్పారన్నారు. ఒక చెయ్యి ఫేజు మీద, రెండోది న్యూట్రల్ మీద పడితే కరెంటు గుండె మీదుగానే పోతుంది, చెప్పులతో దానికి పనే లేదు. ఎంసీబీ, అంటే కరెంటు మోతాదు మించితే దానంతటదే పడిపోయే స్విచ్, ఉంది కదా అన్నది కూడా అలాంటి ధైర్యమే. అది కాపాడేది వైరును. 6 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి పోతేనే పడుతుంది, మనిషి ప్రాణం తీయడానికి అంత అక్కరలేదు. 30 మిల్లీ ఆంపియర్లు, అంటే అందులో 200వ వంతు, ఒంట్లోంచి నేలకు పోతే పడిపోయేది ఆర్‌సీసీబీ. దాని మీద ఉండే టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడు నొక్కి, పడుతోందో లేదో చూడాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ పట్టుకుంటే మాత్రం అదీ గుర్తించలేదు.

ఎర్త్, అంటే లీకైన కరెంటును నేలకు పంపే వైరు గురించి బెజవాడ వారికి ప్రత్యేకంగా చెప్పాలి, మే నెలలో మీ ఊళ్లో ఇంటింటా కూలర్ తిరుగుతుంది కనుక. ఇనుప బాడీ, నిండా నీళ్లు, దాన్ని రెండు పిన్నుల ప్లగ్గుకు తగిలిస్తే ఎర్త్ తెగినట్టే. ప్లగ్గు పీకకుండా నీళ్లు పోయకండి. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే సాకెట్‌లో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య చూడండి. 230 దరిదాపుల్లో లేకపోతే ఎర్త్ పనిచేయడం లేదు. చూపించినంత మాత్రాన గట్టి ఎర్త్ అని కాదు, దానికి వేరే పరీక్ష ఉంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్ నగర్‌లో మా బంధువుల ఇంటికి వెళ్లాను. నీళ్లు తీశాక వీధిలో అందరికీ ఒకటే తొందర, ఫ్రిజ్ పనిచేస్తుందో లేదో చూడాలని. మేము మెయిన్ పైకి ఎత్తలేదు. కింది బోర్డులు విప్పితే లోపల బురద, గోడలోని పైపుల నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. పైకి ఆరినట్టు కనిపించే వైరు లోపల కరెంటు కారుస్తోందో లేదో మల్టీమీటర్‌తో తేలదు, వైరు మీది తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో చూడాలి. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్రతి లైనూ అలా చూశాకే కరెంటు ఇచ్చుకున్నాం.

ఇక మీ రెండో ప్రశ్న. స్విచ్, సాకెట్, రెగ్యులేటర్, హోల్డర్ లాంటివి పైన చెప్పినట్టు చూసుకుని మార్చుకోవచ్చు. పక్కన ఒక మనిషి ఉండాలి, మెయిన్ ఎక్కడుందో ఆ మనిషికి తెలిసి ఉండాలి. ఎవరికైనా షాక్ తగిలితే ముట్టుకోకుండా ముందు కరెంటు ఆపాలి, 108కి ఫోన్ చేయాలి. మైక్రోవేవ్ విప్పవద్దు, ప్లగ్గు పీకాక కూడా దాని కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండవచ్చు. మీటరు సీలు, స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు విద్యుత్ శాఖవారి పని, 1912కి ఫోన్ చేయండి.

మీ పోర్షన్‌లో ఆర్‌సీసీబీ లేకపోతే ఇంటి యజమానిని అడిగి పెట్టించండి. పెట్టే మనిషితో ఇన్వర్టర్ లైనుకూ రక్షణ ఉండేలా చూడమని చెప్పండి. అడగకపోతే చాలామంది ఆ లైనును వదిలేస్తారు.