గూగుల్ చూసింది, చేర్చుకోలేదు

ప్రశ్న: మా సైట్‌లో 640 పేజీలే ఉన్నాయి. గూగుల్ సైట్ యజమానులకిచ్చే సెర్చ్ కన్సోల్‌లో మాత్రం 'క్రాల్డ్ - కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' (గూగుల్ చదివింది, తన సెర్చ్ జాబితా అయిన ఇండెక్స్‌లో ఇంకా చేర్చలేదు) కింద 900కు పైగా చూపిస్తోంది. ఇన్ని ఎక్కడినుంచి వచ్చాయి? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఉన్న పేజీలకన్నా జాబితా పెద్దదైందంటే, అందులో చాలావరకు మీరు పేజీలుగా లెక్కపెట్టనివేనని అర్థం. ముందు ఆ జాబితాను ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. కన్సోల్ 1,000 చిరునామాల వరకే ఇస్తుంది, మీకది సరిపోతుంది. స్ప్రెడ్‌షీట్‌లో వేసి చిరునామా తీరును బట్టి విడదీయండి. చివర 'ఫీడ్' (కొత్త పోస్టులు, కామెంట్లను యాప్‌లకు అందించే ఫైల్) అని ఉన్నవి ఒక గుంపు. ప్రశ్నార్థకం తర్వాత ఫిల్టర్లు, సార్టింగ్ పారామీటర్లు తగిలించుకున్నవి ఇంకో గుంపు. ట్యాగ్ పేజీలు, సైట్ లోపలి సెర్చ్ ఫలితాలు వేరు. చివరికి మిగిలేవే అసలు వ్యాసాలు. వర్డ్‌ప్రెస్‌లో ప్రతి పోస్టుకూ ఒక కామెంట్ల ఫీడ్ పుడుతుంది. అది ఇండెక్స్‌లోకి వెళ్లకపోవడమే మంచిది, దాని జోలికి పోవద్దు.

అసలు వ్యాసాలు ఎన్ని మిగిలాయో అదే మీ సమస్య పరిమాణం. వాటిని ఒక్కొక్కటిగా కన్సోల్‌లోని యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో (ఒక్కో చిరునామా స్థితి చూపే పరికరం) వేసి చూడండి. రిపోర్టు కొంత వెనకబడి ఉంటుంది కాబట్టి, జాబితాలో ఉన్న కొన్ని పేజీలు ఈపాటికే ఇండెక్స్ అయి ఉండొచ్చు.

ఇక్కడ చాలామంది రోబోట్స్ ఫైల్‌ని (ఏ పేజీలు తెరవొచ్చో బాట్లకు చెప్పే ఫైల్) తిరగేస్తూ రోజులు పోగొట్టుకుంటారు. రోబోట్స్ ఫైల్ అడ్డుపడినా, నోఇండెక్స్ ట్యాగ్ (ఇండెక్స్‌లో చేర్చొద్దనే గుర్తు) ఉన్నా, 404 (పేజీ లేదనే జవాబు) వచ్చినా కన్సోల్ ఆ పేజీని వేరే పేరు కింద చూపిస్తుంది. 'డిస్కవర్డ్' అని ఉంటే చిరునామా తెలుసుగానీ పేజీని ఇంకా తెరవలేదని అర్థం. అప్పుడైతే సర్వర్ వేగం, క్రాల్ స్టాట్స్ (గూగుల్ రాకపోకల లెక్కలు) చూడాలి. మీ పేజీలు ఆ గడపలన్నీ దాటాయి. గూగుల్ తెరిచింది, చదివింది, పక్కన పెట్టింది. కాబట్టి వెతకాల్సింది పేజీ లోపల, ఆ పేజీకి సైట్‌లో ఉన్న చోటులో.

పేజీలోంచి మెనూ, ఫుటర్, సైడ్‌బార్, అన్ని పేజీల్లోనూ కనిపించే పేరాలు మనసులో తీసేయండి. మిగిలినదాంట్లో ఆ పేజీకి మాత్రమే చెందిన వాక్యాలు ఎన్ని? ఒకే టెంప్లేట్‌లో ఊరి పేరో వస్తువు పేరో మార్చి తయారుచేసిన పేజీలు ఈ పరీక్షలో తేలిపోతాయి. తర్వాత పేజీ మధ్యలోంచి ఒక వాక్యాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టి సెర్చ్ చేయండి. అదే వాక్యంతో వేరే సైట్ కనిపిస్తే, తయారీదారు ఇచ్చిన వివరణనే మీరూ అతికించి ఉండొచ్చు, లేదా ఎవరో మీదాన్ని ఎత్తుకుపోయి ఉండొచ్చు.

ఒకే విషయం మీద నాలుగు పలచటి పేజీలుంటే వాటిని ఒక్కటిగా కలిపి రాసి, మిగతా మూడింటినీ 301తో (శాశ్వత మళ్లింపు) దానికి మళ్లించండి. అసలు అవసరమే లేనివాటికి 404 లేదా 410 (పేజీని తీసేశామనే జవాబు) ఇవ్వండి. పాఠకులకు పనికొచ్చి, సెర్చ్‌లో అక్కర్లేనివాటికి నోఇండెక్స్ చాలు. రాసినవాళ్లకు ప్రతి పేజీ మీదా మమకారం ఉంటుంది, తీసేయడానికి చెయ్యి రాదు. అయినా పదాల సంఖ్య పెంచి నెట్టుకురావాలని మాత్రం చూడకండి. 300 పదాల్లో సూటిగా జవాబు చెప్పే పేజీ నిక్షేపంగా ఇండెక్స్ అవుతుంది.

పేజీ బాగానే ఉందనిపిస్తే లింకులు చూడండి. సైట్‌మ్యాప్‌లో (సెర్చ్ ఇంజన్లకిచ్చే చిరునామాల జాబితా) తప్ప ఇంకెక్కడా లింకు లేని పేజీని సైట్ యజమానే పట్టించుకోలేదన్నమాట. సంబంధమున్న రెండు మూడు మంచి వ్యాసాల పాఠంలోంచి దానికి లింకు ఇవ్వండి. అది హెచ్‌రెఫ్ (వెళ్లాల్సిన చిరునామా) ఉన్న మామూలు యాంకర్ లింకై ఉండాలి. బటన్ నొక్కితే స్క్రిప్టు తీసుకెళ్లే దారిని పేజీలు తెరిచే గూగుల్‌బాట్ పట్టుకోలేదు, అది బటన్లు నొక్కదు.

ప్రశ్న: మా సైట్ రియాక్ట్‌లో (పేజీని బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌తో కట్టే పద్ధతి) ఉంది. ఇన్‌స్పెక్షన్‌లోని లైవ్ టెస్ట్‌లో పచ్చటి టిక్కు వస్తోంది, పేజీ మాత్రం ఇండెక్స్ కావట్లేదు. ఎందుకు?

జవాబు: ఆ టిక్కు పేజీ ఇండెక్స్‌కి అర్హమని మాత్రమే చెబుతుంది. చేర్చుకుంటామన్న మాట అందులో లేదు. ఇంకో పేజీకి నకలా కాదా అన్నది కూడా లైవ్ టెస్ట్ చూడదు.

టిక్కును పక్కనపెట్టి 'వ్యూ టెస్టెడ్ పేజ్' తెరవండి. హెచ్‌టీఎంఎల్ ట్యాబ్‌లో మీ వ్యాసం మధ్యలోని ఒక వాక్యం కోసం వెతకండి. దొరక్కపోతే గూగుల్ చూసింది ఖాళీ చట్రాన్నే. పక్కనే ఉన్న 'మోర్ ఇన్ఫో'లో లోడ్ కాని ఫైళ్లు, కన్సోల్ ఎర్రర్లు కనిపిస్తాయి. తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది: డేటా తెచ్చే ఏపీఐ దారిని రోబోట్స్ ఫైల్‌లో మూసేస్తారు. మనుషులకు పేజీ చక్కగా తెరుచుకుంటుంది, గూగుల్‌కి మాత్రం డేటా అందదు. స్క్రోల్ చేస్తేనో క్లిక్ చేస్తేనో వచ్చే పాఠం, ముందు పేజీలో దాచిన కుకీ మీదో లోకల్ స్టోరేజ్ మీదో ఆధారపడే పాఠం కూడా ఇలాగే పోతాయి. గూగుల్ ప్రతి పేజీనీ కొత్తగా తెరుస్తుంది, పాత కుకీలను వెంట తెచ్చుకోదు.

డేటా రానప్పుడు మీ యాప్ 'లోడింగ్' అని చూపిస్తూ 200 (అంతా సవ్యమనే) స్టేటస్ ఇస్తే నష్టం రెట్టింపు. వందల చిరునామాల్లో ఒకటే పాఠం కనిపిస్తుంది. అప్పుడవి ఒకదానికొకటి నకళ్లుగానో, సాఫ్ట్ 404లుగానో (200 ఇచ్చినా ఖాళీగా లెక్కపడే పేజీలు) తేలతాయి.

నిలకడైన మందు సర్వర్ సైడ్ రెండరింగ్ (పేజీని సర్వర్‌లోనే కట్టి పంపడం), లేదా ముందుగానే హెచ్‌టీఎంఎల్ తయారుచేసి పెట్టడం. టైటిల్, కెనానికల్ (నకళ్లలో అసలు పేజీ ఏదో చెప్పే ట్యాగ్), ముఖ్యమైన పాఠం, లింకులు మొదటి హెచ్‌టీఎంఎల్‌లోనే ఉండాలి. మొదట నోఇండెక్స్ పెట్టి తర్వాత జావాస్క్రిప్ట్‌తో తీసేసే పద్ధతి ఉంటే ఈరోజే మానేయండి. ఆ ట్యాగ్ కనబడగానే గూగుల్ రెండరింగే వదిలేయవచ్చు, మీ స్క్రిప్టుకు నడిచే అవకాశమే రాదు. హ్యాష్ గుర్తు తర్వాత వచ్చే దారులు విడి పేజీలుగా లెక్కకు రావు కాబట్టి రూటర్‌ని (యాప్‌లో చిరునామాలు మార్చే భాగం) హిస్టరీ ఏపీఐకి (హ్యాష్ లేని మామూలు చిరునామాల పద్ధతి) మార్చండి. పరీక్షంతా మొబైల్ రూపంలోనే చేయండి. 2024 జులై 5 తర్వాత గూగుల్ సైట్లను ఇండెక్స్ చేసేది స్మార్ట్‌ఫోన్ బాట్‌తోనే. మొబైల్‌లో మీరు తీసేసిన పేరా గూగుల్‌కి లేనట్టే.

ప్రశ్న: రోజూ 'రిక్వెస్ట్ ఇండెక్సింగ్' నొక్కుతున్నాను, సైట్‌మ్యాప్ మళ్లీ మళ్లీ ఇస్తున్నాను. ఇండెక్సింగ్ ఏపీఐ ప్లగిన్ కూడా పెట్టాను. కదలిక లేదు.

జవాబు: ఒకే చిరునామాకు పదిసార్లు నొక్కినా ఒకసారి నొక్కినా ఒకటే. పైగా రోజువారీ పరిమితి అయిపోయి, నిజంగా మార్చిన పేజీకి అవకాశం పోతుంది. ఇండెక్సింగ్ ఏపీఐ ఉద్యోగ ప్రకటనలకు, ప్రత్యక్ష ప్రసార వీడియోల పేజీలకు మాత్రమే. వ్యాసాలకు దాన్ని వాడొద్దు. పేజీ మార్పులను సెర్చ్ ఇంజన్లకు తెలిపే ఇండెక్స్‌నౌ బింగ్, యాండెక్స్‌లకు పనికొస్తుంది, గూగుల్ దాన్ని వాడదు. సైట్‌మ్యాప్‌లో ప్రయారిటీ (పేజీ ప్రాధాన్యం), చేంజ్‌ఫ్రీక్ (ఎంత తరచుగా మారుతుందో) విలువలను గూగుల్ పట్టించుకోదు. లాస్ట్‌మాడ్ (చివరిగా మార్చిన) తేదీని చూస్తుంది, అదీ నమ్మదగినట్టు ఉంటేనే. అన్ని పేజీలకూ ఈరోజు తేదీ వేసే ప్లగిన్ ఆ నమ్మకాన్ని చెడగొడుతుంది. పేజీని నిజంగా మార్చండి, ఒక్కసారి రిక్వెస్ట్ ఇవ్వండి, కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు ఆగండి.

ప్రశ్న: ఒకే వస్తువుకు రంగుల వారీగా పేజీలున్నాయి. వాటికి ప్రధాన పేజీని కెనానికల్‌గా ఇచ్చి, రోబోట్స్‌లో కూడా అడ్డుకున్నాం. సరైనదేనా?

జవాబు: కాదు. పేజీని తెరవనివ్వకపోతే అందులో రాసిన కెనానికల్ గూగుల్‌కి కనబడదు. నోఇండెక్స్ సంగతీ అంతే. రోబోట్స్‌లో ఆ వరుస తీసేయండి. కెనానికల్ ఆజ్ఞ కాదు, సూచన మాత్రమే. అందుకే సైట్‌మ్యాప్, లోపలి లింకులు, కెనానికల్ మూడూ ఒకే చిరునామాను చూపాలి. మెనూలో రంగు పేజీకి లింకిచ్చి కెనానికల్‌లో ప్రధాన పేజీ రాస్తే, గూగుల్ తనకు తోచింది ఎంచుకుంటుంది. ఏది ఎంచుకుందో ఇన్‌స్పెక్షన్‌లో 'గూగుల్ సెలెక్టెడ్ కెనానికల్' దగ్గర కనిపిస్తుంది.

ప్రశ్న: గూగుల్‌లో 'సైట్' ఆపరేటర్‌తో (ఒకే సైట్ పేజీలు చూపే ఆదేశం) వెతికితే ఒక అంకె, కన్సోల్‌లో ఇంకో అంకె. ఏది నమ్మాలి?

జవాబు: కన్సోల్‌ని. 'సైట్' ఆపరేటర్ చూపేది ఉజ్జాయింపు లెక్క, ఉన్న పేజీలన్నిటినీ అది చూపించదు. ఒక పేజీ ఇండెక్స్‌లో ఉందో లేదో కచ్చితంగా తేల్చుకోవాలంటే ఆ చిరునామాను యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో వేయండి.