పుస్తకాల ర్యాక్ వెనక షీట్ ఊడిపోతుంటే

పుస్తకాలు సర్దగానే ర్యాక్ పక్కకి ఊగుతోంది, వెనక షీట్ మేకులు ఊడొస్తున్నాయి అన్నారు కదండీ. ర్యాక్‌ని ఊగకుండా పట్టి ఉంచేది ఆ షీటే. 3 ఎంఎం హార్డ్‌బోర్డుకి మళ్లీ మేకులు కొడితే ర్యాక్ పార్టికల్ బోర్డుది (చెక్కపొట్టు అదిమి చేసేది) అయితే దాని అంచు పొడిపొడిగా రాలుతుంది తప్ప మేకు నిలవదు. ఆ షీట్ తీసేసి 6 ఎంఎం ప్లైవుడ్ వేయండి. కొలతిస్తే చాలా షాపుల్లో వాళ్లే కోసిస్తారు.

ర్యాక్‌ని బోర్లా పడుకోబెట్టి మూల నుంచి ఎదురు మూలకి, ఐమూలగా, రెండు వైపులా టేపు పట్టండి. రెండు కొలతలూ సమానమయ్యాకే బిగించాలి. తొందరపడితే ఆ వంకర అలాగే ఉండిపోతుంది! అంచుకి ఫెవికాల్ రాసి, ముందు సన్నటి రంధ్రాలు వేసుకుని, జానెడు దూరానికొకటి చొప్పున 25 ఎంఎం స్క్రూలు దించండి. నడిమి అరలకీ వేయండి, చాలామంది అక్కడే వదిలేస్తారు. ఇంట్లో పిల్లలుంటే పైభాగాన్ని ఎల్ క్లాంపుతో గోడకి కూడా బిగించాల్సిందే.