క్లైమేట్ రిస్క్ సర్టిఫికేట్ చేస్తే హైదరాబాద్‌లో పనికొస్తుందా?

ప్రశ్న: "బీకాం చేసి హైదరాబాద్‌లో ఒక ఫైనాన్స్ కంపెనీ క్రెడిట్ విభాగంలో పనిచేస్తున్నాను. సరూర్‌నగర్‌లో ఉంటాను. క్లైమేట్ రిస్క్, సస్టెయినబుల్ ఇన్వెస్టింగ్ సర్టిఫికేట్ల గురించి ఈమధ్య అందరూ మాట్లాడుతున్నారు. ఏది చేయాలి? డబ్బు దండగ కాదు కదా?"

దండగ కాదు, చేయండి. క్లైమేట్ రిస్క్ అంటే వరద, ఎండల్లాంటి వాటివల్ల వ్యాపారాలకు, వాటికిచ్చిన అప్పులకు వచ్చే ముప్పు. నేనూ మీలాగే క్రెడిట్‌లోనే ఉన్నాను, చిన్న పరిశ్రమలకు అప్పులిచ్చే కంపెనీలో. రిస్క్ నిపుణుల అంతర్జాతీయ సంస్థ గార్ప్ పెట్టే ఎస్‌సీఆర్ (సస్టెయినబిలిటీ అండ్ క్లైమేట్ రిస్క్) పరీక్షను 2022 ఏప్రిల్ విడతలో రాశాను. షేర్ల రీసెర్చ్, మ్యూచువల్ ఫండ్ల వైపు వెళ్లాలనుకుంటే సీఎఫ్ఏ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సస్టెయినబుల్ ఇన్వెస్టింగ్ (పర్యావరణం, సమాజం కూడా చూసి పెట్టుబడి పెట్టడం) సర్టిఫికేట్ చూడండి. అప్పులిచ్చే పనిలో ఉన్నవాళ్లకు ఎస్‌సీఆర్ నయం. నాలుగు నెలలు పొద్దున్నే అయిదింటికి లేచి చదివాను. ఫీజు డాలర్లలో కట్టాలి, పైన కార్డు చార్జీలు పడతాయి. ముందే మీ హెచ్‌ఆర్‌ను అడగండి. మా వాళ్లు పాసయ్యాక సగం ఇచ్చారు.

అయితే ఆ పుస్తకం చదివి నేర్చుకున్నదాని కంటే, పరీక్ష రాసిన మూడు నెలలకు హైదరాబాద్ శివారు గగన్‌పహాడ్‌లో ఒక షెడ్డులో నేర్చుకున్నది నాకు ఎక్కువ.

ప్లాస్టిక్ మౌల్డింగ్ చేసే చిన్న యూనిట్ అది. కొత్త మెషీన్‌కు 40 లక్షలు కావాలని అప్లికేషన్ వచ్చింది. ఆఫీసులో కూర్చుని ఫారం నింపాను. మా దగ్గరున్న టూల్‌లో పిన్‌కోడ్ కొడితే వరద ప్రమాదం 'తక్కువ' అని చూపించింది. బీమా ఉందా? ఉంది. టిక్ పెట్టేశాను. సైట్ విజిట్ ఒక్కటే మిగిలింది.

జూలై నెల, బయట ముసురు. లోపలికి వెళ్తే కరెంటు ప్యానెల్ బోర్డు నా తలకంటే ఎత్తున ఉంది. కింద ఇటుకలతో కట్టిన దిమ్మె, ఎక్కడానికి ఇనుప మెట్లు. మెషీన్లు కూడా దిమ్మెల మీదే ఉన్నాయి. ముడి సరుకు బస్తాలు ఒక్కటీ నేల మీద లేదు, అన్నీ ర్యాకుల మీదే. ఇంత పైకి ఎందుకు పెట్టారని అడిగాను.

"2020ల నీళ్లు ఈడిదాక వచ్చినయ్ మేడమ్" అని ఆయన తన ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించాడు. ఆ అక్టోబర్ 13 రాత్రి పక్కనే అప్ప చెరువు కట్ట తెగింది. బెంగళూరు హైవే కోసుకుపోయింది, మనుషులు కొట్టుకుపోయారు. ఆయన షెడ్డులో మోటార్లన్నీ మునిగాయి. కరెంటు రావడానికి మూడు వారాలు పట్టింది.

మరి బీమా డబ్బులు వచ్చాయా అని అడిగాను. ఆయన బీరువా తెరిచి, ప్లాస్టిక్ కవర్లో దాచిన పాత పాలసీ తీసి నా చేతిలో పెట్టాడు. ఫైర్ పాలసీ. అందులో ఒక లైను: ఎస్‌టీఎఫ్‌ఐ తొలగించినందుకు ప్రీమియం తగ్గింపు. తుఫాను, గాలివాన, వరద, ముంపు, ఈ నాలుగింటికీ కలిపి బీమా వాళ్లు వాడే పొట్టి పేరు అది. అప్పటి స్టాండర్డ్ ఫైర్ పాలసీలో దాన్ని వద్దనుకుంటే ప్రీమియం కొంత తగ్గేది. "తక్కువ పడ్తదని ఏజెంటు తీసేయించిండు. ఆ అక్షరాలు ఏందో నాకేం తెలుసు మేడమ్?" అన్నాడు. ఒక్క రూపాయి రాలేదు.

నాకు మాట రాలేదు. నా ఫారంలో బీమా దగ్గర టిక్ ఉంది. వరద దగ్గర 'తక్కువ' అని ఉంది. పిన్‌కోడ్ మొత్తానికి ఒకటే మార్కు వేస్తే చెరువు కింద ఉన్న షెడ్డు, గుట్ట మీద ఉన్న షెడ్డు ఒకటే అయిపోతాయి. హైదరాబాద్‌లో అర కిలోమీటరు దూరంలోనే అంతా మారిపోతుంది.

తిరిగొచ్చి నోట్ మొత్తం మళ్లీ రాశాను. వరద ప్రమాదం ఎక్కువ, అప్పు ఇవ్వవచ్చు, కొత్త పాలసీలో వరద కవర్ ఉండాలి, ఏటా కాపీ మనకు ఇవ్వాలి అని. మా మేనేజర్‌గారు "రిస్క్ ఎక్కువని నువ్వే రాసి మళ్లీ ఇమ్మంటావేంటమ్మా?" అన్నారు. గంటసేపు వాదించాను. ప్యానెల్‌ను ఎత్తున పెట్టుకున్న మనిషి, పక్క షెడ్డులో ఇంకా నేల మీదే పెట్టుకున్నవాడి కంటే మంచి బారోవరే కదా! అప్పు మంజూరైంది. ఈ చదువు చదివినవాళ్లు మ్యాపులో ఎర్రగా ఉన్న చోటల్లా అప్పులు ఆపేస్తే, అక్కడ బతికేవాళ్లు వడ్డీ వ్యాపారుల పాలవుతారు. నాకు అన్నిటికంటే భయం అదే.

సిలబస్‌లో వరదల గురించి చక్కగానే చెప్పారు, కానీ ఉదాహరణలన్నీ ఎక్కడివో. మన ఊరి ఉదాహరణ మనమే చదువుకోవాలి. 1908 సెప్టెంబర్‌లో మూసీ ముంచేశాక విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడడానికి 84 ఊళ్లలో కట్టడాలపై ఆంక్షలు పెడుతూ 1996లో జీవో 111 తెచ్చారు. నేను పరీక్ష రాసిన నెలలోనే ఆ ఆంక్షలు ఎత్తేస్తూ జీవో 69 వచ్చింది. ఆ 84 ఊళ్లలో భూమి తాకట్టు పెట్టుకునే ప్రతి కంపెనీకీ అది క్లైమేట్ వార్తే. మా ఆఫీసులో మాత్రం ఎవరు చూసినా ఎకరం ఎంత పెరుగుతుందనే మాట్లాడారు.

ఇంకో మాట. ఇంటర్వ్యూలకు వచ్చే పిల్లలు నెట్ జీరో (వదిలే కార్బన్, తిరిగి పీల్చుకునే కార్బన్ సమానం కావడం), దానికి మన దేశం పెట్టుకున్న గడువు 2070 అని గడగడా చెప్పేస్తారు. ఒక సిమెంటు కంపెనీ బీఆర్ఎస్ఆర్ (కంపెనీ పర్యావరణం, సమాజం విషయంలో ఏం చేస్తోందో ఏటా చెప్పే రిపోర్టు) తీసి ఇస్తే ఏది చూడాలో తెలియదు. సెబీ 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు ఆ రిపోర్టు తప్పనిసరి చేసింది. పైసా ఖర్చు లేకుండా ఎక్స్చేంజి వెబ్‌సైట్లలో దొరుకుతుంది. సిమెంటు కంపెనీ ఎంత సోలార్ కరెంటు కొన్నా, సున్నపురాయిని కాల్చినప్పుడు ఆ రాయిలోంచే వచ్చే కార్బన్ డయాక్సైడ్ పోదు. నల్గొండ వైపు ఫ్యాక్టరీలకు అప్పులిచ్చే ఊళ్లో ఉండి ఇది తెలియకపోతే ఎలా? 'కోర్సు చేస్తే ప్యాకేజీ ఖాయం' అని ప్రకటనలిచ్చే కోచింగ్ వాళ్లు ఒక్క రిపోర్టయినా పిల్లల చేత చదివిస్తే బాగుండు. వాళ్లకు వేలు పోయకండి, పుస్తకం మీరే చదువుకోగలరు.

మీది సరూర్‌నగర్ అన్నారు. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో మీ చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు) మ్యాపు ఉందేమో వెతికి, ప్రింట్ తీసుకుని కోదండరామ్ నగర్ వైపు ఒక ఆదివారం నడిచి రండి. ఆ ఇళ్లలో ఎన్నింటి మీద మీ కంపెనీ లోన్లు ఉన్నాయో సోమవారం చూడండి. ఎస్‌సీఆర్‌కు ఏప్రిల్, అక్టోబర్ రెండు విడతలు ఉంటాయి కాబట్టి రిజిస్ట్రేషన్‌కు తొందరేం లేదు.