కరెంటు పోతే రౌటరు చేత కబురు పంపించడం

పర్లాకిమిడి

అల్లుడికి ఆశీస్సులు.

కరెంటు పోగానే రౌటరు ఫోనుకి మెసేజీ పెట్టేలా ఎలా చెయ్యాలి మావయ్యా అని అడిగావు. మెసేజీ రప్పించడం పెద్ద పని కాదురా. అది చూడగానే బండి తియ్యాలా, తిరిగి పడుకోవాలా అన్నది నీకు తేలిపోవాలి. కష్టమంతా అక్కడే. ఊళ్లకి ఇంటర్నెట్ ఇచ్చేవాడివి, నువ్వు గుణుపూర్‌లో ఉన్నావు, పద్మపూర్ వైపు పెట్టిన నీ రౌటరు పెట్టె పలకడం లేదనుకో. ఫైబరు తెగితే దాన్ని అతికించే స్ప్లైసింగ్ మిషను పట్టుకుని వెళ్లాలి. కరెంటు పోతే వెళ్లినా చేసేదేమీ లేదు, సబ్‌స్టేషనుకి ఫోను కొట్టి ఊరుకోవాలి. నీ స్క్రీను మీద మాత్రం రెండింటికీ ఒకటే ఎర్ర చుక్క. ముందు ఆ చుక్కని రెండుగా విడగొట్టుకో.

ఖరీదైన రౌటర్ల సంగతి మొదట చెప్పేస్తాను. సిస్కో కంపెనీ రౌటర్లలో కొన్ని మోడళ్లకి డయింగ్ గ్యాస్ప్, అంటే ఆఖరి ఊపిరి, అని ఒక ఏర్పాటు ఉంది. కరెంటు పోయాక పెట్టె లోపల కెపాసిటర్లలో మిగిలిన కాస్త బలంతో, ఆరిపోయే లోపు ఆ కొద్ది మిల్లీసెకన్లలో ఒక ప్యాకెట్ బయటికి విసురుతుంది. దాన్ని సిస్‌లాగ్‌గా (లాగు సర్వరుకి వెళ్లే ఒక వాక్యం) పంపాలా, ఎస్‌ఎన్‌ఎంపీ ట్రాప్‌గా (నెట్‌వర్కుని కనిపెట్టే సాఫ్ట్‌వేరుకి వెళ్లే హెచ్చరిక) పంపాలా, ఈథర్నెట్ ఓఏఎమ్ (లింకు బాగోగులు చూసే పద్ధతి) ద్వారా పంపాలా అన్నది కాన్ఫిగరేషన్‌లో నువ్వే వరస పెట్టి చెప్పుకోవచ్చు. ఓఏఎమ్ అన్నది 2004లో వచ్చిన 802.3ఏహెచ్ ప్రమాణంలోది, అది తీగకి అవతల ఉన్న పెట్టె వరకే వెళ్తుంది. సిస్‌లాగ్ 514 పోర్టుకీ, ట్రాప్ 162 పోర్టుకీ యూడీపీ మీద పోతాయి, అంటే ముందు కనెక్షను కట్టకుండానే విసిరెయ్యడం. ఈమెయిలుకైనా టెలిగ్రామ్‌కైనా ముందు సర్వరు అడ్రసు వెతకాలి, కనెక్షను కట్టాలి, ఎన్‌క్రిప్షన్ కుదుర్చుకోవాలి. ప్రాణం పోతున్నవాడికి అంత తీరిక ఎక్కడిది? యూపీఎస్ లేని రౌటరు తన చావు కబురు తానే ఈమెయిలు చేస్తుందన్న ఆశ వదులుకో.

ఇంకో మెలిక ఉంది. రౌటరూ, ఫైబరు వెలుగుని రాగి తీగ సిగ్నలుగా మార్చే మీడియా కన్వర్టరూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి గుచ్చేస్తారు మనవాళ్లు. కరెంటు పోతే రెండూ ఒక్కసారే ఆరతాయి. రౌటరు ఎంత గొప్పదైనా, అది విసిరిన ఆఖరి ప్యాకెట్ పక్కనే చచ్చిపడున్న కన్వర్టరు దగ్గరే ఆగిపోతుంది. ముందున్న పెట్టె బతికుంటేనే ఈ వైభవం పనికొస్తుంది.

ఇళ్లలో పెట్టిన జీపాన్ ఓఎన్‌టీలకి, అంటే ఒక ఫైబరుని చాలా ఇళ్లు పంచుకునే పద్ధతిలో ఇంటి చివర ఉండే పెట్టెలకి, మాత్రం ఇది బాగా పనిచేస్తుంది. కరెంటు పోతే నీ వైపు చివర ఉండే ఓఎల్‌టీ పెట్టెలో డయింగ్ గ్యాస్ప్ అని పడుతుంది, ఫైబరు తెగితే ఎల్‌ఓఎస్ (సిగ్నల్ పోయింది) అని పడుతుంది. అలాగని ఒక్కో ఇంటికీ అలర్టు పెట్టకు. మన వైపు జనం రాత్రి పడుకునే ముందు స్విచ్చులన్నీ కట్టేస్తారు, నాలుగు ఉరుములు ఉరిమితే ప్లగ్గులే పీకేస్తారు. వాళ్లు చేసేది సబబే, నువ్వే వేరేగా లెక్క కట్టుకోవాలి. ఒక వీధిలో ఒకే నిమిషంలో పది ఇళ్లు డయింగ్ గ్యాస్ప్ చూపిస్తే ట్రాన్స్‌ఫార్మరు వైపు చూడు. ఓఎల్‌టీలో ఒక పాన్ పోర్టు, అంటే ఒక ఫైబరు బయల్దేరే చోటు, మీద అందరికీ ఎల్‌ఓఎస్ పడితే ఫైబరు వైపు చూడు.

ఇక నీ దగ్గర ఉన్నవి ఎక్కువ మైక్రోటిక్ కంపెనీ రౌటర్లే కదా, దాని గురించే ఈ ఉత్తరం. నేను పనిచేసినన్నాళ్లూ టెలిఫోను ఎక్స్ఛేంజి మైనస్ 48 వోల్టుల బ్యాటరీల మీద నడిచేది. మెయిన్స్, అంటే బయటి కరెంటు, పోయినా ఫోన్లు పలికేవి, అలారం మాత్రం మోగేది, ఎందుకంటే మెయిన్స్‌ని కనిపెట్టుకుని ఉండే రిలే వేరు, కబురు చెప్పే బెల్లు వేరు. నీకూ అదే కావాలి. రౌటరునీ, కన్వర్టరునీ యూపీఎస్ మీద పెట్టు. మూల పడున్న పాత వైఫై పెట్టె ఒకటి తీసి, యూపీఎస్‌తో సంబంధం లేకుండా గోడ ప్లగ్గుకి నేరుగా గుచ్చు. దానికి మారని ఐపీ ఒకటి ఇవ్వు. రౌటరు దాన్ని పింగ్ చేస్తూ, అంటే ఉన్నావా అని పిలుస్తూ, ఉంటుంది. అది పలకడం మానేసి, బయటి లింకు మాత్రం బాగానే ఉంటే కరెంటు పోయినట్టు. అప్పుడు నీ రౌటరుకి మెసేజీ పంపడానికి బోలెడు టైముంటుంది.

యూఎస్‌బీ డేటా పోర్టు ఉన్న యూపీఎస్ కొనుక్కోవచ్చు కదా అంటావేమో. కొనుక్కో, మంచిదే. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరు మీద నట్ అనే సాఫ్ట్‌వేరు వేస్తే బ్యాటరీ మీదకి వెళ్లిందనీ, బ్యాటరీ అయిపోతోందనీ విడివిడిగా చెబుతుంది. కాని మన వోల్టేజీ సంగతి తెలుసు కదా. సాయంత్రం మోటార్లన్నీ ఒక్కసారి వేస్తే బల్బు ఎర్రగా మిణుకుమంటుంది. లో వోల్టేజీ చూసి యూపీఎస్ టక్కున బ్యాటరీకి మారిపోతుంది, నీకేమో కరెంటు పోయిందని మెసేజీ వస్తుంది. పాత వైఫై పెట్టె అడాప్టరు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేది. వోల్టేజీ 150కి పడిపోయినా అది పలుకుతూనే ఉంటుంది, కరెంటు నిజంగా పోయినప్పుడే ఆరుతుంది. ఈ పనికి ఖరీదైన యూపీఎస్ కంటే ఆ పాత పెట్టె మాటే నేను ఎక్కువ నమ్ముతాను.

దాన్ని రౌటరుకి కేబులుతో కలపకు, వైఫైతో కలుపు. మెయిన్స్ లైనులో వచ్చే పిడుగు దెబ్బ ముందు దానికే తగులుతుంది, రాగి తీగ ఉంటే ఆ దెబ్బ నీ రౌటరు దాకా పాకుతుంది. త్రీఫేజు ఉన్న బిల్డింగులో రెండు పెట్టెలు వేరువేరు ఫేజుల మీద పెట్టు. ఒకటి ఆరి ఒకటి వెలిగితే ఒక ఫేజే పోయిందన్నమాట. ఆ మాట చెబితే లైన్‌మాన్‌కీ వెతుకులాట తగ్గుతుంది.

రౌటరులో నెట్‌వాచ్ అని, పింగ్ చేస్తూ కనిపెట్టుకుని ఉండే సౌకర్యం ఉంటుంది, అందులోకి వెళ్లి ఆ ఐపీ రాయి, ఇంటర్వెల్ ముప్పై సెకన్లు పెట్టు. డౌన్ స్క్రిప్టులో నేరుగా మెసేజీ పంపించెయ్యకు. ముందు అరవై సెకన్లు ఆగమను, మళ్లీ పింగ్ చెయ్యమను, అప్పుడూ పలక్కపోతేనే పంపమను. కరెంటు వచ్చిపోతూ ఉండే రోజున ఈ అరవై సెకన్లు లేకపోతే రాత్రికి రాత్రి నీ ఫోను మెసేజీలతో నిండిపోతుంది. నాలుగు రోజులకి నువ్వే వాటిని చూడటం మానేస్తావు. ఆ తరవాత నాన్నా పులి కథే. అప్ స్క్రిప్టులో కరెంటు వచ్చిన కబురు కూడా తప్పకుండా పెట్టు. పోయిన కబురొచ్చి, వచ్చిన కబురు రాకపోతే మనిషి నిద్దరపోలేడు.

బ్యాటరీ కూడా అయిపోయి రౌటరు మొత్తం ఆరి లేచిందనుకో, దానికి స్కెడ్యూలరులో స్టార్టప్ అని పెట్టి ఇంకో స్క్రిప్టు రాసుకో. పీపీపీఓఈ (ఇంటర్నెట్‌కి లాగిన్ అయ్యే కనెక్షను) కలిసేదాకా ఒకటిన్నర నిమిషం ఆగి, నేను లేచాను అని చెప్పమను. నెట్ నుంచి టైము సరిచేసుకునే ఎన్‌టీపీ పెట్టడం మరిచిపోకు. ఈ పెట్టెల్లో చాలావాటికి గడియారానికి బ్యాటరీ ఉండదు. లేవగానే 1970 జనవరి ఒకటో తారీఖు అని లాగులో రాసే పెట్టెలు ఉన్నాయి. లాగులు చూసి ఎప్పుడు పోయిందో తేల్చాల్సి వస్తే బుర్ర తిరిగిపోతుంది.

మెసేజీ దేని మీద పంపాలన్నది నీ ఇష్టం. టెలిగ్రామ్ బాటు సులువు, కాని దాని తాళంచెవి లాంటి టోకెను స్క్రిప్టులోనే ఉంటుంది, రౌటరు పాస్‌వర్డు తెలిసిన ప్రతివాడికీ అది కనబడుతుంది. ఎస్‌ఎన్‌ఎంపీ వాడితే పాస్‌వర్డులా పనిచేసే కమ్యూనిటీ పేరు పబ్లిక్ అని ఉంటుంది, ముందు దాన్ని మార్చు. కంపెనీ పేరు మీద ఎస్సెమ్మెస్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే రిజిస్టరులో పేరూ, టెంప్లేటూ నమోదు చేయించాలి. మన స్థాయికి అది దండగ. సిమ్ము వేసే ఎల్‌టీఈ రౌటరు ఉంటే దాని నుంచే నీ నంబరుకి పంపించు. ఎస్సెమ్మెస్ ఇంగ్లీషు అక్షరాల్లో అయితే 160 పడతాయి. తెలుగులోనో ఒడియాలోనో రాస్తే 70కే నిండిపోయి ముక్కలవుతుంది. అందుకని ఊరి పేరు, ఫీడరు (సబ్‌స్టేషను నుంచి వచ్చే కరెంటు లైను) పేరు, కరెంటు పోయింది, టైము, ఇంతే రాయి. సబ్‌స్టేషనులో ఉండే అబ్బాయి ఒడియా చదువుతాడు, నీ కుర్రాడు తెలుగు చదువుతాడు, ఇంగ్లీషు అక్షరాల్లో ఊరి పేరు ఇద్దరికీ తెలుస్తుంది.

ఇదంతా రౌటరు బతికున్నంతసేపే. మామూలు 600 వీఏ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ అంటే కాగితం మీద 84 వాట్-అవర్లు. ఇన్వర్టరు తినేది, బ్యాటరీలో మిగల్చాల్సింది తీసేస్తే చేతికొచ్చేది సుమారు యాభై. పదిహేను వాట్ల లోడుకి మూడు గంటలు, అదీ కొత్త బ్యాటరీకే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన గజపతి జిల్లాలో ఎన్ని స్తంభాలు పడ్డాయో నీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి రోజున ఈ మూడు గంటలు ఏ మూలకి? సెల్ టవర్ల బ్యాటరీలూ అయిపోతాయి, ఎస్సెమ్మెస్ కూడా కదలదు.

అందుకే తిరగేసి ఇంకో ఏర్పాటు చెయ్యి. విశాఖలోనో హైదరాబాదులోనో ఒక అద్దె సర్వరు పెట్టు. ప్రతి రౌటరూ అయిదు నిమిషాలకోసారి దాన్ని పలకరించాలి. వరసగా మూడు పలకరింపులు తప్పితే సర్వరే నీకు కబురు పెడుతుంది. దాని ముందు కరెంటు పోయిందన్న మెసేజీ వచ్చి ఉండి, మూడు గంటల తరవాత మౌనం వస్తే బ్యాటరీ అయిపోయింది, కంగారు లేదు. ముందు మెసేజీ లేకుండా హఠాత్తుగా మౌనం వస్తే ఫైబరు మీద అనుమానపడు. గుణుపూర్‌లో నీ ఆఫీసు కంప్యూటరునే ఆ సర్వరుగా పెట్టుకోకు. కాశీనగర్‌లోనూ గుణుపూర్‌లోనూ ఒకేసారి కరెంటు పోయిన రోజున చెప్పేవాడూ వినేవాడూ ఇద్దరూ చీకట్లోనే ఉంటారు.

అంతా పెట్టాక పరీక్ష చెయ్యి. స్క్రిప్టుని చేత్తో రన్ కొట్టి, మెసేజీ వచ్చింది కదా అని సరిపెట్టుకోకు. పగటి పూట, కస్టమర్లకి చెప్పి, ఆ గదికి వచ్చే మెయిను కట్టెయ్యి. బ్యాటరీ పూర్తిగా దిగేదాకా అలాగే వదిలెయ్యి. ఎన్ని గంటలు వచ్చిందో, ఆ తారీఖుతో సహా యూపీఎస్ మీద మార్కరుతో రాయి. ఆరు నెలలకోసారి ఇదే చేసి కింద ఇంకో అంకె వెయ్యి. ఆ అంకె సగానికి పడిందంటే బ్యాటరీ మార్చాలి.

కరెంటు ఫిర్యాదుల నంబరు 1912 మీ కుర్రాళ్లందరి ఫోన్లలో ఉండాలి, ఒక్కో పాయింటు కన్స్యూమరు నంబరుతో సహా. ఫోను ఎత్తినవాడు మొదట అడిగేది అదే. స్క్రిప్టులు నేను రాసినవి పెన్‌డ్రైవులో వేసి ఆదివారం ట్రెయినుకి వచ్చే మీ పెద్దమ్మ చేతికి ఇస్తాను. ఐపీలూ ఊళ్ల పేర్లూ నీవి పెట్టుకో.

మీ అత్త అడిగానని చెప్పమంది.

ఇట్లు,
మీ మావయ్య