పదో తరగతి మిత్రుల సమ్మేళనానికి వెళ్ళాలా, మానాలా?

ప్రశ్న: నా వయసు 54 ఏళ్ళు. గుంటూరు జిల్లాలోని మా ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 1986–87లో పదో తరగతి చదివాను. తరగతిలో మొదటి ముగ్గురిలో ఉండేదాన్ని. పరీక్షలకు నెల ముందు మా తరగతి అబ్బాయి ఒకరు నా నోటుపుస్తకంలో ఉత్తరం పెట్టారు. అది నాన్న కంటపడింది. పరీక్షలు రాయనిచ్చారు గానీ, ఫలితాలు వచ్చేలోపే నాకు పెళ్ళి చేసేశారు. లెక్కల మాస్టారు ఇంటికి వచ్చి, నన్ను కాలేజీలో చేర్పించమని ఎంత చెప్పినా నాన్న వినలేదు. నావల్లే ఇంటికి మాట వచ్చిందని ఇప్పటికీ బాధపడుతుంటాను. ప్రస్తుతం హైదరాబాదులో జాకెట్లు కుడుతున్నాను. వచ్చే సంక్రాంతికి మా బ్యాచ్ వాళ్ళు ఆత్మీయ సమ్మేళనం పెట్టుకున్నారు. ఆనాడు ఉత్తరం రాసిన వ్యక్తే ఏర్పాట్లు చూస్తున్నారు, తప్పకుండా రావాలని నాకు ఫోన్ కూడా చేశారు. ఎనభై దాటిన మా లెక్కల మాస్టారికి సన్మానం చేస్తారట. వాట్సాప్ గ్రూపు తెరిస్తే డాక్టర్లు, ఇంజినీర్లు, అమెరికా ఫోటోలు. మావారికి ఆ ఉత్తరం సంగతి తెలియదు. ‘ఈ వయసులో ఇవన్నీ ఎందుకు’ అంటున్నారు. వెళ్ళాలని ఉంది, తలచుకుంటే భయంగానూ ఉంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి

జవాబు: మీ ఉత్తరంలో మాస్టారి ప్రస్తావన రెండుసార్లు వచ్చింది. మిగిలినవారందరినీ తలచుకున్నప్పుడు మీ మాటల్లో బెరుకో బాధో కనిపించగా, ఆయన దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆపేక్ష కనిపించింది. మీరు వెళ్ళాలనుకోవడానికి అసలు కారణం ఆయనే అయితే, దానికి ఆ సమ్మేళనం ఒక్కటే దారి కాదు. సన్మానం రోజున ఆయన చుట్టూ శాలువాలు, జ్ఞాపికలు, ఫోటోల కోసం నిలబడ్డ వరుసలు ఉంటాయి కాబట్టి మీ వంతు వచ్చేసరికి పాదాలకు నమస్కరించి పక్కకు తప్పుకోవడానికే సమయం చాలుతుంది. ‘ఆ రోజు మీరు మా ఇంటికి వచ్చారు మాస్టారూ, నేను తలుపు వెనుక నిలబడి అంతా విన్నాను’ అనే తరహా మాటలు చెప్పాలంటే తీరిక కావాలి, ఇంటి గది కావాలి. ఆయన వయసు దృష్ట్యా ఈ పనిని సంక్రాంతి వరకు కూడా వాయిదా వేయవద్దని నా సలహా. ముందుగా వారి ఇంట్లోవాళ్ళతో మాట్లాడి, ఆయనకు ఓపికగా ఉండే వేళ తెలుసుకుని వెళ్ళండి. సమ్మేళనానికి వెళ్ళినా, మానినా ఇది మాత్రం చేయండి. ఆయనను చూడటమనే కోరిక ఒకసారి తీరితే, సమ్మేళనం గురించి ఇంత సతమతం కాకుండా ఆలోచించగలుగుతారు.

ఇక ‘నావల్లే ఇంటికి మాట వచ్చింది’ అన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఉత్తరం రాసింది మీరు కాదు. దాన్ని పుస్తకంలో పెట్టించుకున్నదీ మీరు కాదు. అప్పటికి మీకు పదిహేనేళ్ళు. ఆడపిల్ల పెళ్ళికి కనీస వయసు 18 ఏళ్ళని 1978లోనే చట్టం సవరించారు, అంటే మీ పెళ్ళినాటికి ఆ సవరణ వచ్చి తొమ్మిదేళ్ళయింది. చట్టం కూడా కాదన్న నిర్ణయాన్ని పెద్దలు తీసుకుంటే, ఆ తప్పును ఇన్నేళ్ళుగా మీ మీద వేసుకుని మోస్తున్నారు. ఊరు ఏమనుకుంటుందోనన్న మీ నాన్నగారి భయాన్ని నేను అర్థం చేసుకోగలను. ఆ రోజుల్లో ఆడపిల్ల తండ్రులు చాలామంది అలాగే భయపడ్డారు. కానీ ఆ భయంవల్ల పోయింది మీ చదువు, మీ తప్పు అందులో ఆవగింజంత కూడా లేదు. ఈ విషయం మీ మనసుకు గట్టిగా పట్టకుండా ఆ వేదిక మీదికి వెళితే, ఎవరు నవ్వినా మిమ్మల్ని చూసే నవ్వారనిపిస్తుంది.

ఆ ఉత్తరం రాసిన వ్యక్తికీ అప్పుడు మీ వయసే. దానివల్ల మీకు ఏం జరిగిందో ఆయనకు ఈనాటికీ తెలియకపోవచ్చు, తెలిసి మనసులో బాధపడుతూ ఉండవచ్చు కూడా. ఏదైనా సరే, ఆయనను క్షమించవలసిన బాధ్యత గానీ, నిలదీయవలసిన అవసరం గానీ మీకు లేదు. నన్ను కలవరపెడుతున్నది వేరొకటి. ఇలాంటి సమ్మేళనాల్లో భోజనాలయ్యాక ఎవరో ఒకరు మైకు పట్టుకుని, అప్పట్లో ఎవరికి ఎవరంటే ఇష్టమో సరదాగా బయటపెట్టడం మామూలైపోయింది. పదిమందికి అది నవ్వులాట, మీకు మాత్రం చదువు ఆగిపోయిన రోజు. అందువల్ల బయలుదేరేముందే, నిర్వాహకుల్లో ఉన్న స్నేహితురాలితో ఒక్క మాట చెప్పి ఉంచండి: ‘నా విషయంలో పాత కబుర్లేవీ వేదిక మీదగానీ, గ్రూపులోగానీ రాకుండా చూడు.’ కారణం చెప్పనక్కరలేదు. ఆమె తేలిగ్గా కొట్టిపారేస్తే, ఆ సభ మీకు తగినది కాదని అప్పుడే తెలిసిపోతుంది. ఆయన మళ్ళీ విడిగా ఫోన్ చేస్తే, వివరాలన్నీ గ్రూపులోనే పెట్టమని మర్యాదగా చెప్పండి. జరిగినదంతా ఆయనకు చెప్పాలని మీకే అనిపిస్తే చెప్పవచ్చు. అయితే సమ్మేళనం నాటి సందడిలో వద్దు, ఇంకో రోజున, ఒక స్నేహితురాలి సమక్షంలో చెప్పండి.

డాక్టర్లు, ఇంజినీర్లు, అమెరికా ఫోటోల విషయానికి వస్తే, మీకు కలిగిన సంకోచం చాలా సహజమైనది. మనిషి తనను తాను అంచనా వేసుకోవడానికి తనకు దగ్గరి స్థాయిలో ఉన్నవారితోనే ఎక్కువగా పోల్చుకుంటాడని లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వవేత్త 1954లో ప్రతిపాదించారు. పక్క వీధిలో కోటీశ్వరుడున్నా మనకు పట్టదు గానీ, ఒకే బెంచీ మీద కూర్చున్నవారు పైకి వెళితే మాత్రం మనసు చివుక్కుమంటుంది. మీ విషయంలో ఆ బాధకు ఇంకో కారణం కూడా ఉంది. మీరు వారికంటే తక్కువగా చదివి వెనుకబడలేదు, చదువుతుండగా మీ ఇంట్లోవాళ్ళు ఆపేశారు. దీన్ని అసూయ అనుకుని సిగ్గుపడకండి. మీకు దక్కవలసినది దక్కలేదన్న దుఃఖం అది. అయితే ఒక్క సంగతి గమనించండి. గ్రూపులో ఫోటోలు పెట్టేది చూపించుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవారే. అప్పుల్లో ఉన్నవారు, పిల్లలతో మాటలు లేనివారు, జబ్బుతో ఇంటిపట్టునే ఉన్నవారు అదే గ్రూపులో మౌనంగా ఉంటారు. మీరు చూస్తున్నది తరగతిలో కొందరినే.

వేదిక మీదికి ఒక్కొక్కరినీ పిలిచి పరిచయం చేసుకోమన్నప్పుడు ఏం చెప్పాలన్నదే మీ అసలు భయమని అనుకుంటున్నాను. ‘హైదరాబాదులో ఉంటున్నాను, టైలరింగ్ చేస్తున్నాను, మీ అందరినీ చూడటం సంతోషంగా ఉంది’ అంటే చాలు. ఎందుకు చదవలేదని ఎవరైనా అడిగితే ‘ఇంట్లో చదివించలేదు’ అని చెప్పి ఊరుకోండి, అందులో అబద్ధం లేదు, వివరణా అక్కరలేదు. మనల్ని అందరూ గమనిస్తున్నారని మనం ఊహించుకునేదానికీ, నిజంగా గమనించేవారి సంఖ్యకూ చాలా తేడా ఉంటుందని 2000 సంవత్సరంలో అమెరికాలో ప్రచురితమైన ఒక ప్రయోగం చూపింది. ఇబ్బందిగా అనిపించే చొక్కా తొడుక్కుని గదిలోకి వెళ్ళిన విద్యార్థులు, అక్కడున్నవారిలో దాదాపు సగం మంది దాన్ని గుర్తించి ఉంటారనుకుంటే, నిజానికి గుర్తించినవారు అందులో సగమే. మీ చీరనూ, మీ వృత్తినీ తూకం వేసే తీరిక ఆ రోజు అక్కడ చాలామందికి ఉండదు. ఎవరి జుట్టు నెరిసిందో, ఎవరి మోకాళ్ళు నొప్పులో, వాళ్ళ బెంగ వాళ్ళకుంటుంది. ఆడవాళ్ళంతా ఒకే రంగు పట్టుచీర కొనాలని అనుకుంటే, మీకు భారమైతే ‘నా దగ్గరున్న చీరే కడతాను’ అని ముందుగానే చెప్పండి.

మీవారి దగ్గర మాత్రం ఏ సాకూ చెప్పవద్దు. బంధువుల ఇంటికని చెప్పి వెళితే గ్రూపు ఫోటో ఒకటి చాలు, లేని తప్పు ఉన్నట్టు కనబడటానికి. ఆ ఉత్తరం సంగతి తరగతిలో పదిమందికి తెలిసి ఉంటుంది కనుక, వేరేవాళ్ళ నోటివెంట వినడం కంటే మీ నోటివెంట వినడమే ఆయనకు గౌరవం. ‘నేను రాయని ఉత్తరానికి నా చదువు ఆగిపోయింది, ఆ మాస్టారిని ఒకసారి చూడాలనుంది, మీరూ రండి’ అని ఒకేసారి చెప్పండి. ‘ఎందుకు’ అన్న ఆయన ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. కానీ ఆయన స్వభావం నాకంటే మీకు తెలుసు. చెప్పాక అనుమానంతోనో, దెప్పుళ్ళతోనో వేధిస్తారని, చేయి చేసుకుంటారని ఏమాత్రం అనిపించినా ఆ విషయం ఎత్తకండి. మాస్టారిని ఇంటి దగ్గర చూసి రండి, సమ్మేళనం మానుకోండి.

అలాంటి భయమేదీ లేకపోతే వెళ్ళమనే చెబుతాను. అన్ని కార్యక్రమాలకూ కూర్చోవలసిన పని లేదు. ఉదయం సభకు వెళ్ళి, భోజనం కాగానే తిరిగి రావచ్చు. నమ్మకమైన స్నేహితురాలితో కలిసి వెళ్ళి, కలిసి వచ్చేయండి. ఒకవేళ సంక్రాంతి దగ్గరపడేకొద్దీ నిద్ర పట్టకపోవడం, గుండె దడ, ఆ పెళ్ళినాటి దృశ్యాలు పదేపదే కళ్ళముందుకు రావడం మొదలైతే మాత్రం ప్రయాణం ఆపుకోండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు, దగ్గర్లోని కౌన్సెలర్‌నూ కలవవచ్చు.

అన్నిటికంటే ముందు ఈ వారంలోనే, గ్రూపులో మీకు దగ్గరైన స్నేహితురాలికి ఫోన్ చేసి మాస్టారి ఇంటి చిరునామా అడగండి.